పెరటి కోళ్లకు కంచె: హద్దు తేలకుండా స్తంభం పాతవద్దు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలోని ఒక పల్లె. మా మామగారు, ఆయన అన్నగారు ముప్పై ఏళ్ల కిందట నోటిమాట మీద ఇల్లూ పెరడూ పంచుకున్నారు. పక్క భాగంలో ఇప్పుడు మా బావగారు, అంటే పెదమామగారి అబ్బాయి ఉంటున్నారు. నేను పెరట్లో ఇరవై దాకా నాటుకోళ్లు పెంచుకుంటున్నాను. అవి తుమ్మకంప సందుల్లోంచి దూరి ఆయన తోటకూర మడులు గీరేస్తున్నాయని రోజూ తగాదా. ఈమధ్య రెండు కోళ్లను పట్టి గంప కింద మూసి, పదివేలిస్తే గాని వదలనన్నారు. ఇంకోసారి వస్తే గుళికల మందు కలిపిన నూకలు చల్లుతానని కూడా అన్నారు. కంప తీసేసి ఇనుప జాలీ వేయిద్దామంటే, కంప ఇప్పటికే తన భాగంలోకి రెండడుగులు జరిగిందని, కాలువకు వెళ్లే తన నడకదారి మూయకూడదని అడ్డుపడుతున్నారు. నేను కంచె వేసుకోవచ్చా?

జవాబు: మీ భాగంలో మీరు నిరభ్యంతరంగా కంచె వేసుకోవచ్చు. నిజానికి అది మీ హక్కు మాత్రమే కాదు, మీ బాధ్యత కూడా. మడులు ఉన్నవారే కాపాడుకోవాలని పల్లెల్లో ఒక వాదన వినిపిస్తుంటుంది గాని, పెంపుడు జీవాలు పరుల స్థలంలోకి పోకుండా చూసుకోవలసింది వాటిని పెంచేవారేనన్నది న్యాయసూత్రం. కాబట్టి మీ కోళ్ల వల్ల తోటకూర పాడైన మాట నిజమైతే, ఆ మేరకు నష్టం చెల్లించవలసిన బాధ్యత మీపై ఉంటుంది. అయితే జరిగిన నష్టమెంతో ఆయనే రుజువు చేసుకోవాలి. మూడేళ్ల లోపు దావా వేయాలి. రెండు మడుల తోటకూరకు పదివేలంటే ఏ న్యాయస్థానమూ ఒప్పుకుంటుందని నేను అనుకోను.

కోళ్లను పట్టి మూసే హక్కు తనకు ఉందని ఆయన అనుకోవడానికి బందెలదొడ్డి, అంటే పంట మేసిన పశువులను పట్టి కట్టేసే ఊరి దొడ్డి, అలవాటు కారణం కావచ్చు. ఆ అలవాటుకు ఆధారమైన 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంలో ఏనుగు, ఒంటె మొదలుకొని పంది, గొర్రె, మేకపిల్ల దాకా జాబితా ఉంది గాని, కోడి లేదు. ఉన్నా, ఆ చట్టం పట్టిన పశువును బందెలదొడ్డికి తోలమంటుందే తప్ప సొంత గంప కింద మూసి బేరమాడమనదు. డబ్బు ముట్టిన తర్వాతే తిరిగి ఇవ్వాలన్న ఉద్దేశంతో ఇతరుల వస్తువును తీసుకోవడం దొంగతనమేనని భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌కు ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి స్పష్టంగా చెబుతుంది. నష్టపరిహారం కోసమే ఆపానని ఆయన వాదించవచ్చు. పైగా అయిదువేల రూపాయలలోపు విలువ గల సొత్తు విషయంలో పోలీసులు నేరుగా కేసు కట్టరు. అందువల్ల రెండు కోళ్ల కోసం స్టేషన్ మెట్లెక్కమని నేను సలహా ఇవ్వను. పెద్దమనుషుల సమక్షంలో అడిగి తెచ్చుకోండి.

విషం సంగతి అలా తేలికగా వదిలేయదగ్గది కాదు. ఏ జంతువునైనా విషం పెట్టి గాని, మరో విధంగా గాని చంపి యజమానికి నష్టం కలిగించడం అదే సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలుశిక్షకు, లేదా జరిమానాకు, లేదా రెండింటికీ తగిన నేరం. పాత శిక్షాస్మృతిలో జంతువు ఖరీదును బట్టి రెండు సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1 నుంచి ఆ తేడా పోయింది. నా స్థలంలో నేను చల్లుకున్నానన్న జవాబు చెల్లదు, ఎందుకంటే కోళ్లు వచ్చి తింటాయని తెలిసే చల్లడమన్నది ఇక్కడ ముఖ్యం. ఆస్తిని కాపాడుకునే ఆత్మరక్షణ హక్కు కూడా ఆయనకు అక్కరకు రాదు. అది నేరం చేస్తున్నవారి మీద ఉండే హక్కు, కోడి చేసేది నేరం కాదు. అదిలించి తరమడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఖర్మ చాలక కోళ్లు చచ్చిపడితే వెంటనే పాతిపెట్టకండి. చుట్టూ పడివున్న నూకలతో సహా ఫోటోలు తీసి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, పశువైద్యునితో శవపరీక్ష చేయించండి. కోడి గొంతు కింద మేత నిలిచే సంచిలో ఏమున్నదో ఆ నివేదిక చెప్పాలి గాని, మీ అనుమానం సాక్ష్యం కాదు. అన్నట్టు, వాటిలో పుంజులుంటే పరిహారం పెరుగుతుందని పందెం పుంజు ధర చెప్పవద్దు. కోడిపందేలు చట్టవిరుద్ధం కనుక ఆ లెక్క మీకే చుట్టుకుంటుంది.

ఇక అసలు చిక్కు హద్దు. నోటిమాట పంపకం హిందూ కుటుంబాలలో చెల్లుతుంది, కాకపోతే రుజువే కష్టం. అప్పట్లో పంచుకున్నామని తర్వాత రాసుకున్న పారీఖత్తు ఏదైనా ఇనప్పెట్టెలో ఉందేమో వెతకండి. జరిగిపోయిన పంపకాన్ని గుర్తు కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు, ఆ కాగితంతోనే పంపకం జరిగివుంటే మాత్రం అవసరం. మీ స్థలం పట్టా భూమి అయితే గ్రామ సచివాలయంలో దరఖాస్తు ఇచ్చి, ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరు కొలతల పటం) ప్రకారం సర్వేయరు చేత బావగారికి నోటీసు ఇప్పించి కొలిపించండి. గ్రామకంఠమైతే, అంటే ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన స్థలమైతే, ఎఫ్.ఎం.బి.లో ఇంటింటి హద్దులు ఉండవు. అప్పుడు ఇంటిపన్ను రసీదులు, ఇరుగుపొరుగు దస్తావేజుల్లో నాలుగు వైపులా రాసిన హద్దులు (చెక్కుబందులు), ఊళ్లలో ఇళ్ల స్థలాలను కొలిచే స్వామిత్వ సర్వేలో కార్డు వచ్చివుంటే ఆ కార్డు, పంపకం నాడు ఉన్న పెద్దల మాట, ఇవే ఆధారాలు.

ప్రస్తుతం ఉన్న కంపనే హద్దు అనుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. తుమ్మకంప ఎండి చెదలు పట్టినప్పుడల్లా కొత్తది కొట్టి, పాత మోళ్లకు ఇవతలో అవతలో తొక్కి వేస్తారు. ఏటా బెత్తెడు జరిగినా ఎవరికీ పట్టదు. పన్నెండేళ్లకు పైగా ఒకే గీత మీద, బాహాటంగా, తమదేనన్న ధోరణిలో అనుభవించారని రుజువైతే లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం మీకు తోడు రావచ్చు గాని, జరుగుతూ వచ్చిన కంపతో ఆ రుజువు దాదాపు అసాధ్యం. కంప పీకే ముందు మట్టిలో మిగిలిన పాత గుంజల మోళ్లను వెతికి, బావి గట్టు నుంచో ఇంటి గోడ మూల నుంచో టేపు పట్టి కొలిచి, ఆ కొలతలతో ఫోటోలు తీయించండి. కంప పీకిన మరునాటికి ఆ ఆనవాళ్లు ఉండవు.

నడకదారి విషయంలో మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎన్నేళ్లుగా నడుస్తున్నారు? ఎవరినీ అడగకుండా, ఎవరూ ఆపకుండా, హక్కుగా ఇరవై ఏళ్లు నడిచివుంటే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆయనకు దారి హక్కు ఏర్పడుతుంది. మీ మామగారి అనుమతితో నడిచారంటే ఏర్పడదు. అనుమానం ఉన్నప్పుడు దారికి ఎదురుగా దానంతటదే మూసుకునే చిన్న గేటు పెట్టడం మంచిది. తాళం వేయకండి.

కంచె ఎలాంటిదన్నది మీ ఇష్టమే అయినా రెండు మాటలు. నాటుకోడి నాలుగడుగుల ఎత్తును అవలీలగా ఎగిరి దాటుతుంది కనుక ఆరడుగులకు తగ్గించకండి. పిల్లలు దూరకుండా అడుగు భాగంలో రొయ్యల గుంటల చుట్టూ కట్టేలాంటి సన్నకన్నుల వల కట్టించండి. పేరుకు కంచె వేసి కోళ్లు దాటుతూనే ఉంటే మీరు జాగ్రత్త తీసుకున్నట్టు న్యాయస్థానం లెక్కించదు. నక్కలకనో కుక్కలకనో ఇంటి కరెంటు తీగ మాత్రం లాగవద్దు. మనిషికి తగిలి ప్రాణం పోతే నిర్లక్ష్యపు మరణం కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. వీధి వైపు గాని, కాలువ గట్టు వైపు గాని పోరంబోకులోకి ఒక్క స్తంభమైనా జరగకూడదు. ఇంకో మాట, కోళ్ల చావుకు ప్రతిసారీ విషమే కారణం కాకపోవచ్చు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బలలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కోళ్లు ఒక్కసారిగా చనిపోతూ ఆ జబ్బేమోనన్న అనుమానం కలిగితే తెలియజేయడం 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం యజమాని విధి. అప్పుడు తప్పు బావగారి మీదకు నెట్టి ఊరుకోవడానికి లేదు.

ఆయన కంచె పని జరగనివ్వకపోతే శాశ్వత ఇంజంక్షన్ (అడ్డుపడవద్దన్న కోర్టు ఉత్తర్వు) కోసం సివిల్ దావా వేయవచ్చు. దానికన్నా ముందు న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. మహిళ కావడం వల్ల ఆదాయంతో నిమిత్తం లేకుండా మీకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టే ముందు కాగితంలో ఏ గుర్తు నుంచి ఏ గుర్తు దాకా ఎన్ని అడుగుల మీద కంచె వస్తుందో, గేటు ఎక్కడ ఉంటుందో, తీగ తెగితే మరమ్మతు ఎవరిదో, ఇప్పటిదాకా జరిగిన తోటకూర నష్టానికి ఎంత ఇచ్చి చెల్లు రాసుకున్నారో వివరంగా రాయించుకోండి.