చవక ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్‌తో కారు పవర్ పెరుగుతుందా?

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కారు లాగడం లేదు, ఆన్‌లైన్‌లో దొరికే ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ పెట్టించవచ్చా అని అడిగారు. దయచేసి వద్దండి. సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించేది. ఆన్‌లైన్‌లో దొరికేది మాత్రం ఇన్‌టేక్ పైపులో, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టంలో, కూర్చునే చిన్న ఫ్యాన్, అంతే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ పీల్చే గాలి ముందు అది నిలవదు. పైగా గాలికి అడ్డం.

అసలైన ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ 2016లో ఆడి ఎస్‌క్యూ7 కారులో వచ్చింది. గాలిని నొక్కి పంపే ఆ కంప్రెసర్ 48 వోల్టుల మీద దాదాపు 7 కిలోవాట్లు తీసుకుని, పావు సెకను లోపే 70,000 ఆర్‌పీఎం అందుకుంటుంది. ఇంజిన్ వదిలే పొగతో తిరిగే టర్బోలు ఊపందుకునే దాకా సాయం చేయడమే దాని పని. అంత పవర్ 12 వోల్టుల మీద లాగాలంటే 580 ఆంపియర్ల పైనే కావాలి. కారులో కరెంటు పుట్టించే మామూలు ఆల్టర్నేటర్ వల్ల కాదు.

ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ మెకానిక్‌కి చూపించండి. మలుపుకి ముందే గేరు తగ్గించండి.