స్కానర్ కొనే ముందు

బిడ్డా,

చూపులేనివాళ్లు వినేలా పుస్తకాలను కంప్యూటర్ ఫైళ్లుగా మార్చడానికి చందాలు పోగుచేసి పెద్ద స్కానర్ కొంటామని రాశావు. తొందరపడకు. హన్మకొండలో మేమూ అలాగే మొదలుపెట్టాం. ఆ మిషన్ ఇప్పుడు నా మంచం కింద దుమ్ము పట్టి ఉంది.

ముందు నువ్వు చేయాలనుకున్న పుస్తకం, చూపులేనివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో ఇప్పటికే ఉందేమో చూడు. ఉంటే ఈ పనంతా తప్పుతుంది. లేకపోతే స్కాన్ స్పష్టత 300 డీపీఐ చాలు, అక్షరం మరీ చిన్నదైతే 400. 600 పెడితే ఫైలు బరువెక్కడమే తప్ప ఓసీఆర్‌కు, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు, ఒరిగేదేమీ లేదు. నీడ పడకుండా, పేజీ వంకర లేకుండా ఫోన్‌తో తీసినా పనవుతుంది. సొంత పుస్తకమైతే బైండింగ్ షాపులో వెన్ను కోయించు, తర్వాత మళ్లీ కుట్టించుకోవచ్చు. లైబ్రరీ పుస్తకం జోలికి మాత్రం పోకు!

స్కానర్ కొనకుండా మిగిలిన డబ్బు దిద్దుబాటుకు పెట్టు. ఓసీఆర్ ప, వ, షలను కలిపేస్తుంది, ఒత్తులు మింగేస్తుంది. 'పరి పొలం' అని వినిపిస్తే వినేవాళ్లు వరి అని సర్దుకుంటారు. అంకెను ఎలా సర్దుకుంటారు? మా ఫైల్లో వేయి స్తంభాల గుడి శాసనం 1163 కాస్తా 1168 అయింది. వాక్యం చక్కగానే ఉంది కదా అని దిద్దినాయన దాటిపోయాడు. ఆ దిద్దినాయన నేనే. గ్రూప్స్‌కు చదివే పిల్లవాడు అదే బట్టీ పట్టాడు. మాక్ టెస్టులో మార్కు పోయాక ఫోన్ చేసి, కోపం కూడా లేకుండా, "సార్, తప్పు పుస్తకంలో ఉందా, ఫైల్లోనా?" అని అడిగాడు.

అప్పటినుంచి పరీక్షల పుస్తకాల్లో అంకెలు, పేర్లు, పట్టికలు ఇద్దరం చూస్తున్నాం. ఒకరు పుస్తకం పట్టుకుని పైకి చదువుతారు, ఇంకొకరు ఫైల్లో పోల్చుకుంటారు. నవలకు ఇంత అక్కర్లేదు. ఒక్కసారి చదివి పంపించెయ్.

దిద్దేవాళ్లకు డబ్బులివ్వాలా అన్నావు. ఇవ్వు. ఊరికే చేసేవాళ్లు యాభై పేజీలు ప్రాణం పెట్టి చేస్తారు, ఈలోగా బతుకమ్మ వస్తుంది. అయితే గంటకు ఇంత అని ఇవ్వు. పేజీల లెక్కన ఇస్తే కళ్లు పరుగెడతాయి.

చట్టం గురించి టెన్షన్ వద్దు. చదవలేనివారి కోసం లాభం చూసుకోకుండా ఇలాంటి ప్రతులు చేసుకోవచ్చని 2012 కాపీరైట్ సవరణలోనే ఉంది. ఆ ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిరగనివ్వకు.

మొదటి పుస్తకం అయ్యాక మానిటర్ ఆపేసి, తెరమీది అక్షరాలను పైకి చదివే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో పది పేజీలు విను. కథ మధ్యలో 'నూట నలభై రెండు' అని పేజీ నంబరు వినిపిస్తే పని ఇంకా మిగిలే ఉందన్నమాట.

దసరాకు ఇటు వస్తే ఆ స్కానర్ పట్టుకుపో. నా మంచం కింద చోటు మిగులుతుంది.