సంతకం పెట్టేముందు ఫారం చదువు, అమ్మడూ

అమ్మడూ,

బుజ్జిదాని పేరు మీద నెలకు మూడు వేలు కడితే మధ్యమధ్యలో కొంత తిరిగొచ్చే మనీబ్యాక్ పాలసీ తీసుకుంటున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. స్కూల్లో నీకొచ్చే జీతం, అల్లుడుగారి జీతం కలిపినా ఇంటద్దె పోగా మిగిలేదెంతో నాకు తెలుసు. అందులోంచి ఇంత పక్కన పెట్టాలనుకున్నారంటే గర్వంగా ఉంది. కానీ ఆ పాలసీకి మాత్రం నేనొప్పుకోను. ఇల్లు నడిచేది పిల్ల సంపాదన మీదా? సంపాదించేవాళ్లకి కదా ముందు బీమా ఉండాల్సింది!

టర్మ్ పాలసీ తీసుకోండి. గడువు దాకా బతికుంటే రూపాయి తిరిగి రాదు, అందుకే తక్కువ ప్రీమియానికి పెద్ద కవర్, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకిచ్చే డబ్బు, వస్తుంది. ఇద్దరికీ విడివిడిగా ఉండాలి. మగాడికి ఉంటే చాలనుకోకు, నీ జీతం ఆగినా ఆ ఇల్లు గడవదు. బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకి ఏడాదికి 436 రూపాయలు, సురక్షా ప్రమాద బీమాకి 20 రూపాయలు. ఒక్కోదానికి 2 లక్షల కవర్. రేపే చేరండి. ఏటా మే నెలాఖరుకి ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకో. కానీ ఆ 2 లక్షలతో బుజ్జిదాని చదువు గట్టెక్కదు, టర్మ్ ఉండాల్సిందే.

ఇక అసలు సంగతి. మీ చిన్న బాబాయికి షుగర్ ఉండేది. చొక్కా జేబులో ఎప్పుడూ మాత్రల అట్ట ఉండేది. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు "అది రాస్తే టెస్టులంటారు, ప్రీమియం పెంచుతారు, వదిలెయ్యండి" అన్నాడట. వీడు సరేనన్నాడు. రెండో ఏడాదిలో గుండెపోటుతో పోయాడు. క్లెయిమ్ పెడితే కంపెనీవాళ్లు ఆస్పత్రి కాగితాలు తెప్పించుకుని చూశారు. తర్వాత నేను వెళ్లి అడిగితే ఫారం జిరాక్స్ చూపించారు. 'మధుమేహం ఉందా' అన్న గడిలో 'లేదు' అని ఏజెంటు దస్తూరీ. కింద సంతకం ఒక్కటే మనవాడిది, ఆ వంకర 'ర'తో సహా. కట్టిన ప్రీమియంలు తిరిగిచ్చి పంపేశారు. పిన్ని పదేళ్లు జాకెట్లు కుట్టి పిల్లల్ని చదివించింది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ తిరగదోడకూడదు. ఆలోపు పోతే మాత్రం ప్రతి గడీ వెతుకుతారు. మనవాడు మూడేళ్లు బతకలేదు, తల్లీ.

అల్లుడుగారు సిగరెట్ మానేశారని నువ్వంటావు. మొన్న పండక్కి డాబా మీద నేను చూశాను. కోప్పడ్డానికి చెప్పట్లేదు. ఫారంలో నిజం రాయించు. ప్రీమియం కాస్త పెరుగుతుంది, పెరగనీ. నీకు కాన్పప్పుడు వచ్చిన బీపీ కూడా రాయి. ఎవరి చేతికీ పెన్నివ్వకుండా ప్రతి గడీ మీరే నింపండి, కాపీ దాచుకోండి. పాలసీ చేతికొచ్చాక చదివి నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కిచ్చెయ్యొచ్చు.

నామినీగా ఒకరికొకరు ఉండండి. బుజ్జిదాని పేరు రాస్తే అది మైనరు కాబట్టి, డబ్బు తీసుకునే పెద్దవాళ్లెవరో కూడా రాయాలి. అందుకు మీ నాన్న పేరు రాయి, నాకు వయసైపోయింది.

ఈ ఆదివారం ఫారాలు తీసుకుని ఇద్దరూ రండి. పెద్దమ్మ నీకిష్టమని గోంగూర పచ్చడి చేస్తానంటోంది. తిన్నాక కూర్చుని నింపుదాం. ఆలోగా ఆ మనీబ్యాక్ అతనికి డబ్బు కట్టకు.

మీ పెద్దనాన్న