శత్రువు పోతే సంబరమా? ముందు మైల సంగతి చూడండి

"శత్రువు చనిపోతే సంబరం చేసుకోవడం సరైనదేనా?" అని అడిగారు. ఇంతవరకు జవాబులు రాసినవారిలో సగం మంది నరకాసురుణ్ణి, మిగిలిన సగం రావణుణ్ణి పట్టుకొచ్చారు. వీళ్ళలో ఒక్కరికి కూడా అసలైన శత్రువు లేడని నాకు ఇట్టే అర్థమైపోయింది. అసలైన శత్రువుకు పది తలలుండవు. మీ పెరట్లోకి చూసే కిటికీ ఉంటుంది. మీ ఇంటిపేరే ఉంటుంది. మీరు ముత్తాతకు పెట్టే తద్దినమే అతను తన తాతకు పెడతాడు. దాయాది పోరు తెలియనివాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు రాయకపోతేనే మేలు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటగానే పాతపట్నం, అంటే ఆంధ్ర వచ్చేస్తుంది. నరకుడి మాట ఎత్తారు కాబట్టి మా వీధి దీపావళి గురించి చెబుతాను. తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు పిల్లలు గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అని నేలకు కొడుతుంటారు. అదే సాయంత్రం పక్కనున్న ఒడియా వాళ్ళు జనపకట్టెలు వెలిగించి ఆకాశం వైపు ఎత్తి, "బడబడుఆ హో, అంధారరే ఆస, ఆలుఅరే జాఅ" అని చనిపోయిన పెద్దలను పిలుస్తారు. చీకట్లో రండి, వెలుతురులో వెళ్ళండి అని. ఒక గడపలో రాక్షసుడు చచ్చాడని పండగ, పక్క గడపలో పోయినవాళ్ళకు దారి చూపించే పండగ. చిన్నప్పుడు నేను రెండు చోట్లా కాల్చేదాన్ని, ఎవరూ వద్దనలేదు.

ఇంకో మాట. నరకుడు చచ్చాక భూదేవి అతని కొడుకు భగదత్తుణ్ణి తీసుకొచ్చి కృష్ణుడి కాళ్ళ మీద పెట్టి, ఈ పిల్లవాణ్ణి కాపాడమని వేడుకుంది. భాగవతంలోనే ఉంది. టపాకాయల గురించి చెప్పేవాళ్ళు ఆ ముక్క దగ్గరికి రారు. చచ్చినవాడికి వారసులుంటారు. నా జవాబంతా ఆ వారసుల గురించే.

మా నాయనమ్మకు వరసకు కొడుకు, అంటే ఆవిడ బావగారి అబ్బాయి, మాకు పెదనాన్న. రెండిళ్ళ మధ్య ఒక పెరటి సందు. బావికి వెళ్ళాలంటే అదే దారి. ఒక వేసవిలో ఆయన ఆ సందుకు అడ్డంగా గోడ లేపాడు. పైన సిమెంటులో సోడా సీసాల పచ్చ పెంకులు గుచ్చాడు. అప్పటినుంచి నాయనమ్మ బిందె చంకనెత్తుకుని వీధి చుట్టూ తిరిగి బావికి వెళ్ళేది. రోజూ పొద్దున్న కళ్ళాపి చల్లుతూ "వీడి వంశం నాశనం కాను" అని మొదలుపెట్టేది. ఆ వంశం తనదీ అదేనని సగంలో గుర్తొచ్చి, "వీడొక్కడూ" అని సవరించుకునేది. దావా కూడా ఆవిడ పేరు మీదే వేశారు.

ఆయన పోయిన రోజున నాయనమ్మ చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతోంది. గోడ అవతల ఏడుపులు మొదలయ్యాయి. ఆవిడ కాసేపు విని, చేట పక్కన పెట్టి, లేచి వెళ్ళి కట్టుబట్టలతోనే తల మీద నీళ్ళు కుమ్మరించుకుంది. "జ్ఞాతి పోయాడు, మనకూ పదిరోజులు మైల. ఎవరూ ఆవకాయ జాడీ ముట్టుకోకండి" అంది. అంతే. ముప్పొద్దులా శాపాలు పెట్టిన మనిషి వాడి చావుకు మైల పట్టింది. శాస్త్రం అలా ఉంది మరి. మన పెద్దలు దాయాదులను ఎంత బాగా ఎరిగినవాళ్ళో చూడండి: ఎవరి చావుకు మనం ఎక్కువగా సంతోషిస్తామో, సరిగ్గా వాళ్ళ చావుకే మనల్ని పదిరోజులు కూర్చోబెట్టారు.

సాయంత్రం బస్సుకు బరంపురం నుంచి బాబాయి దిగాడు. ఒక చేతిలో రసగుల్లాల కుండ, మూతికి ఆకు చుట్టి దారం కట్టి ఉంది. ఇంకో చేతిలో సీమ టపాకాయల కట్ట. మొహం వెలిగిపోతోంది. గోడ కట్టిన రోజున ఈయన ఊళ్ళో లేడు. ఆ సందు మూసేశాక ఒక్క బిందె మోయలేదు. కోర్టు మెట్లు ఎక్కలేదు.

"అమ్మా, నోరు తీపి చేసుకో" అన్నాడు.

"మైలలో తీపి ఏమిట్రా? పదకొండో రోజు దాటాక తింటాను, అటక మీద పెట్టు."

"అప్పటికి పులిసిపోతాయి కదమ్మా!"

"పులవనీ."

నాన్న మాట్లాడకుండా టపాకాయల కట్ట తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. రసగుల్లాలు ఎండలకు తొందరగానే వాసన వేస్తే వీధి ఆవు ముందు పోశాం. అదీ మా ఇంట్లో జరిగిన విజయోత్సవం.

నాయనమ్మది గొప్ప మనసని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆవిడకు బాధ ఏమీ కలగలేదు. ఊరట కలిగింది, దాన్ని దాచుకోనూ లేదు. ఆ రాత్రి చాలా కాలం తరువాత ఆవిడ గురక వినిపించింది. అలాంటి మనిషిని పట్టుకుని "ఎవరు పోయినా బాధపడాలి" అని నీతులు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ బిందె వాళ్ళు మోశారా? నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, ఎవరు కాదన్నా మార్చుకోను: నిజంగా దెబ్బతిన్నవాళ్ళు టపాకాయలు కొనరు, వాళ్ళకు నిద్ర కావాలి. కొనేవాళ్ళు ఎప్పుడూ బరంపురం నుంచి దిగినవాళ్ళే.

భారతంలోనూ ఇదే కథ. భీముడు దుర్యోధనుడి తొడలు విరగ్గొట్టి తలను కాలితో తన్నితే ధర్మరాజు వారించాడు. చుట్టూ పాంచాలురు కేరింతలు కొడుతుంటే, పడిపోయిన శత్రువును మాటలతో మళ్ళీ చంపడం న్యాయం కాదన్నాడు కృష్ణుడు. అక్కడితో ఊరుకున్నాడా? ఆ నోటితోనే దుర్యోధనుణ్ణి పాపి, సిగ్గులేనివాడు అని నాలుగు తిట్టాడు. అందుకే నాకు ఆ ఘట్టం ఇష్టం.

ఇక వకీలు సంగతి. మైల తీరాక నాన్న వెళ్ళి విషయం చెబితే ఆయన మొహం వేలాడేశారు. ప్రతివాది పోతే దావా తనంతట తాను గెలిచినట్టు కాదు. చనిపోయిన తేదీ నుంచి 90 రోజుల లోపు అతని వారసులను రికార్డులోకి తెమ్మని దరఖాస్తు పెట్టుకోవాలి. లేకపోతే అతని మీద దావా రద్దయిపోతుంది. వారసులంటే భార్య, ఇద్దరు కొడుకులు, గునుపురంలో ఒకరు, విశాఖపట్నంలో ఒకరు పెళ్ళయిన కూతుళ్ళు. ఒక్క శత్రువు పోయి ఐదుగురు వచ్చారు. ఆ పేర్లు, వయసులు, అల్లుళ్ళ చిరునామాలు వరసగా చదువుతుంటే పెళ్ళి శుభలేఖలా ఉంది. పైగా మరణ ధ్రువపత్రం నకలు కావాలి. అది వాళ్ళింట్లోనే ఉంది. నాన్నకు మొహం చెల్లక నన్ను పంపాడు. ఆ ఇంటి పెద్దకోడలు తలుపు తీసి, నేను నసుగుతూ చెప్పింది విని, లోపలికి వెళ్ళి నకలు తెచ్చి ఇచ్చింది. "మా వకీలు కూడా మీరు వస్తారనే చెప్పారు" అంది. కాఫీ ఇవ్వలేదు, కసిరి కొట్టనూ లేదు.

ఇంకో తలనొప్పి, దీనికి సంబంధం లేకపోయినా చెప్పి తీరుతాను. సందు హక్కు రాసిన పాత దస్తావేజు తెలుగులో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మేము మద్రాసు రాజధానిలో ఉన్నవాళ్ళం కదా. ఇప్పుడు దాన్ని చదివి ఒడియాలోకో ఇంగ్లీషులోకో మార్చి పెట్టాలి. ఆ గొలుసుకట్టు రాత చదవగల మనిషిని వెతకడానికే ఒక వాయిదా పోయింది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే మా పిల్లలకు ఆ కాగితం తలకిందులుగా పట్టుకున్నా తేడా తెలియదు.

దావా ఇంకా నడుస్తోంది. ఈ మధ్యలో నాయనమ్మ పోయింది. అవతలి వాళ్ళూ పదిరోజులు మైల పట్టారు, అది చూశాను. బస్సు దిగి ఎవరైనా మిఠాయి కుండ తెచ్చారేమో మాత్రం చూడలేదు. ఇప్పుడు దరఖాస్తు పెట్టుకుని రికార్డులోకి ఎక్కింది మేము.

ఈ మధ్య ఫోనులో వచ్చే సంబరాలు ఇంకో రకం. 2006లో మా జిల్లాలోని ఆర్. ఉదయగిరి మీద మావోయిస్టులు దాడి చేసి జైల్లోని ఖైదీలను విడిపించుకుపోయినప్పుడు ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంది. ఇప్పుడు కొండల్లో ఎదురుకాల్పులని వార్త వస్తే చాలు, శవాల ఫోటోల కింద టపాకాయల బొమ్మలు. పెట్టేవాళ్ళలో ఎక్కువమంది ఆ ఘాటీ రోడ్డు ఎక్కి చూసినవాళ్ళు కారు. 2011 మేలో బిన్ లాడెన్‌ను చంపారన్న రాత్రి వైట్ హౌస్ గేటు ముందు గెంతిన గుంపులోనూ కాలేజీ పిల్లలే ఎక్కువ. 2001లో వాళ్ళు బడి పిల్లలు. ఆ ఏడు కూలిన న్యూయార్క్ జంట గోపురాల్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఆ రాత్రి ఏం చేశారో, అది నేను ప్రశ్నించను.

అడిగినవారికి నేను చెప్పేది ఇంతే. మీ శత్రువు మీద దావా ఏదైనా నడుస్తుంటే ముందు వకీలుకు ఫోను చేసి తేదీ రాయించుకోండి, 90 రోజులు ఇట్టే గడిచిపోతాయి. ధ్రువపత్రం నకలు అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాల్సింది మీరే కాబట్టి, టపాకాయలు ఇంకా కొనకపోతే కొనకండి.