పాత మారుతికి అదనపు సెల్ఫ్ బటన్: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ 1998 నాటి మారుతి 800 తాళం తిప్పినప్పుడల్లా టిక్కుమని ఊరుకుంటోందనీ, నాలుగైదుసార్లు తిప్పితే గాని సెల్ఫ్ పట్టడం లేదనీ, అందువల్ల డాష్‌బోర్డుకు విడిగా ఒక బటన్ పెట్టించాలనుకుంటున్నావనీ రాశావు. ఆ వయసు కారుకు అది మంచి ఏర్పాటే. అయితే ఆ బటన్ ఒక్క లోపానికే పనికివస్తుంది: ఏళ్ల తరబడి తిప్పగా ఇగ్నిషన్ స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగి, సాలెనాయిడ్‌కు (సెల్ఫ్ మోటారు మీద ఉండి, దానికి బ్యాటరీ కరెంటును కలిపే అయస్కాంత స్విచ్) చేరవలసిన వోల్టేజీ దారిలోనే తగ్గిపోవడం. బ్యాటరీలోనో, ఎర్త్‌లోనో (బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకూ కారు ఒంటికీ కలిపే దారి), సెల్ఫ్ మోటారులోనో లోపముంటే బటన్ నొక్కినా అదే టిక్కు వినిపిస్తుంది. కాబట్టి వైరు కొనే ముందు వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చుకో.

రాత్రంతా ఆగి ఉన్న కారులో మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. ఆ తరవాత మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ మీద, రెండో కొనను సెల్ఫ్ మోటారు ఒంటి మీద ఆనించి, పక్కన ఎవరినైనా తాళం తిప్పమను. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఇంజను ఎర్త్ పట్టీ బోల్టులు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించు. పాత కార్లలో చాలా మంది పట్టించుకోని చోటు ఇదే, అనవసరంగా కొత్త సెల్ఫ్ కొనిపించేదీ ఇదే. చివరి పరీక్షకు గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, తాళం ఆఫ్ చేసి, సాలెనాయిడ్ మీది సన్న వైరు ఊడదీసి, ఆ టెర్మినల్‌కు బ్యాటరీ ప్లస్ నుంచి మరో వైరు క్షణకాలం తాకించు. ప్రతిసారీ సెల్ఫ్ బలంగా తిరిగితే లోపం స్విచ్ వైపే ఉన్నట్టు. అప్పుడే బటన్ మాట ఆలోచించు.

సాలెనాయిడ్ ప్లంజర్‌ను లాగే క్షణంలో ఆ సన్న వైరులోనే 20 ఆంపియర్లకు పైగా ప్రవహించవచ్చు, కనుక ఆ కరెంటును నేరుగా చిన్న బటన్ గుండా పంపితే అదీ స్విచ్ లాగే కాలిపోతుంది. మధ్యలో 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టు. బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజ్ మీదుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30వ పిన్నుకు రావాలి. అదే మందం వైరు 87వ పిన్ను నుంచి సాలెనాయిడ్ టెర్మినల్‌కు వెళ్లాలి. పరీక్ష కోసం ఊడదీసిన పాత వైరును కూడా మళ్లీ తగిలించు, రెండూ అక్కడే కలిసి ఉండనివ్వు. 85వ పిన్ను ఎర్త్‌కు. 86వ పిన్నుకు మాత్రం బటన్ గుండా, తాళం ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు వచ్చే వైరు నుంచి ఇవ్వు. పని సులువవుతుందని కొందరు బ్యాటరీ నుంచే నేరుగా ఇస్తారు, నువ్వు ఒప్పుకోకు. ఈ కారు గేరులో ఉన్నా, క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తిరిగి ముందుకు దూకుతుంది. తాళం లేకుండా బటన్ పనిచేస్తే, ఇంటి ముందు ఆగిన కారులో ఆడుకునే పసివాడి వేలు చాలు.

ఫ్యూజ్ గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. రిలే లోపలి కాంటాక్టులు ఎప్పుడైనా అతుక్కుపోతే, బటన్ వదిలినా, తాళం తీసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు దాన్ని వెంటనే ఆపాలంటే ఆ ఫ్యూజును చేత్తో ఊడబీకాలి. కాబట్టి దాన్ని బ్యాటరీ పక్కనే, బానెట్ ఎత్తగానే చేతికందేలా బిగించు. ఫ్యూజ్‌కు ముందున్న వైరు ముక్కకు ఏ రక్షణా ఉండదు గనుక దాన్ని జానెడుకు మించనివ్వకు.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ విప్పు. ఇంజను వైపు నుంచి లోపలికి వైరు వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు వైరును కోయకుండా కాపాడే వలయం) తప్పక వెయ్యి. వైరు కొనలకు లగ్గులు (లోహపు తొడుగులు) గట్టిగా నొక్కించు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఇంజను వేడికి ఎన్నాళ్లో నిలవదు.

బటన్‌ను మోకాలు తగలని చోట, మూత ఉన్న రకం చూసి పెట్టు. ఇంజను నడుస్తుండగా నొక్కితే సెల్ఫ్ పినియన్ (చిన్న పళ్ల చక్రం) పళ్లు ఫ్లైవీల్ (ఇంజను పెద్ద చక్రం) పళ్లతో ఒరుసుకుని రెండూ పాడవుతాయి. తాళం ఆన్‌లోనే ఉంచి బటన్ వాడతావు గనుక హెడ్‌లైట్లు, బ్లోయరు ముందే ఆపు. పది సెకన్లకు మించి నొక్కిపెట్టకు. ఇంజను అందుకోకపోతే అర నిమిషమైనా ఆగి మళ్లీ ప్రయత్నించు.

బటన్ వచ్చింది కదా అని అరిగిన స్విచ్‌ను అలాగే వదిలెయ్యకు. బటన్ పంపే ఆ చిన్న కరెంటుకూ, స్పార్కు కాయిల్‌కూ ఆన్ కాంటాక్టే ఆధారం. అదీ అరిగిందంటే కారు దారి మధ్యలో ఆగిపోతుంది. వీలు చూసుకుని కొత్తది వేయించు. ముందుగా ఆ మూడు పరీక్షల్లో ఏమి తేలిందో కాగితం మీద వేసి పంపు. అవి చూసి, బటన్ అవసరమో కాదో చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య