‘ఉన్నట్లు భావించబడు’ వాటాకి 15 లక్షలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో చేసి వీఆర్ఎస్ తీసుకున్నాను. మా బావమరిది కొడుకు, అతని ఫ్రెండు కలిసి రెండేళ్ల కిందట ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి రాగి, ఉసిరి, మునగాకు కలిపిన హెల్త్ డ్రింకు సీసాల్లో అమ్ముతున్నారు. బీచ్ రోడ్‌కి వాకింగ్‌కి వచ్చేవాళ్లు బాగానే కొంటున్నారు. నన్ను 15 లక్షలు పెట్టమంటున్నారు. 10 శాతం వాటా ఇస్తారట, నూటికి రెండు రూపాయల వడ్డీ గ్యారంటీ అట, డైరెక్టర్‌గా కూడా పెడతారట. 11 లక్షలు నా దగ్గర ఉన్నాయి, మిగతా 4 లక్షలు ఇంట్లో బంగారం మీద తీసుకుందామనుకుంటున్నాను. ఆ 15 లక్షల్లో 2 లక్షలు టోకెన్‌గా మా వాడికి ఫోన్‌పేలో రెండు రోజుల్లో పంపేశాను. సీసాల ఆర్డర్ ఇవ్వాలి, మిగతాది సోమవారంలోపు కావాలంటున్నారు. అగ్రిమెంట్, సీసా ఫొటో పంపుతున్నాను. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ఈ కాగితం మీద మాత్రం పెట్టకండి. డ్రింకు మంచిదా కాదా అని మీరు అడగలేదు, నేను చెప్పేవాణ్ణీ కాదు. రోజూ పొద్దున్న అదే బీచ్ రోడ్‌లో రాగి జావ తాగి ఇంటికొచ్చేవాణ్ణి, కాబట్టి ఆ పిల్లల మీద నాకు కోపమేమీ లేదు. నా బాధంతా మీరు పంపిన వంద రూపాయల స్టాంపు పేపరుతోనే. అందులో ఏడో పేరా మళ్లీ ఒకసారి చదవండి: "రెండవ పార్టీ వారికి కంపెనీలో 10 శాతం వాటా ఉన్నట్లు భావించబడును." ఎవరు భావిస్తారు? కంపెనీలో షేరు అనేది భావించేది కాదు. బోర్డు మీకు కేటాయించాలి (అలాట్ చేయాలి), సభ్యుల రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కాలి, కంపెనీల రిజిస్ట్రార్‌కి ఫారం వెళ్లాలి. ఇవేవీ జరక్కుండా ఎన్ని స్టాంపు పేపర్ల మీద రాసుకున్నా మీరు వాటాదారు కారు.

కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి చూశాను, అది ఎవరైనా చూడొచ్చు. ఆథరైజ్డ్ క్యాపిటల్, అంటే షేర్లు ఇవ్వగలిగే గరిష్ఠ పరిమితి, 1 లక్ష. పెయిడప్ క్యాపిటల్, అంటే ఇప్పటికే ఇచ్చేసిన షేర్ల మొత్తం, అదీ 1 లక్షే. అంటే 10 రూపాయల షేర్లు 10,000 ఉంటే, పదివేలూ ఇప్పటికే వాళ్లిద్దరి చేతుల్లో ఉన్నాయి. మీకివ్వడానికి ఒక్క షేరు కూడా ఖాళీ లేదు! ముందు జనరల్ మీటింగ్ పెట్టి ఆథరైజ్డ్ క్యాపిటల్ పెంచాలి, 30 రోజుల్లో ఎస్‌హెచ్-7 అనే ఫారం రిజిస్ట్రార్‌కి పంపాలి. అది ఇంతవరకూ జరగలేదు. 10 శాతం రావాలంటే మీకు సుమారు 1,111 కొత్త షేర్లు ఇవ్వాలి, 15 లక్షలకి లెక్కేస్తే ఒక్కో షేరు 1,350 రూపాయల చిల్లర పడుతుంది. అంటే ఈ కంపెనీ విలువ కోటిన్నర అని మీరు ఒప్పుకుంటున్నట్టే. ఆ ధర ఎవరు కట్టారు? చట్టం ప్రకారం రిజిస్టర్డ్ వాల్యుయర్, అంటే విలువ కట్టడానికి గుర్తింపు ఉన్న నిపుణుడి రిపోర్టు ఉండాలి. అడిగితే వాళ్లు నొచ్చుకుంటారని మొహమాటం వద్దు, లాయర్ అడగమన్నాడని నా మీద పెట్టేయండి. బంధువుల దగ్గర నేను ఎక్కువగా పనికొచ్చేది అందుకే.

ఒకవేళ కొత్త షేర్లు కాదు, వాళ్ల షేర్లలోంచే 1,000 మీ పేరున రాస్తామంటారా, అప్పుడు మీ 15 లక్షలు కంపెనీకి వెళ్లవు, అమ్మినవాళ్ల జేబులోకి వెళ్తాయి. సీసాల ఆర్డర్ దేనితో ఇస్తారు మరి? ఈ రెంటిలో ఏదో మీ అగ్రిమెంట్‌లో ఎక్కడా లేదు.

ఇక వడ్డీ సంగతి. షేరు మీద కంపెనీ ఇవ్వగలిగేది డివిడెండ్, అదీ లాభాల్లోంచే. లాభం వచ్చినా రాకపోయినా నెలకి 30,000 గ్యారంటీ అంటే అది షేరు కాదు, అప్పు. అప్పు అయితే ఇంకో చిక్కు: ప్రైవేట్ కంపెనీ బయటివాళ్ల దగ్గర ఇలా డబ్బు తీసుకోవడం డిపాజిట్ కిందికి వస్తుంది, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 73 అందుకు ఒప్పుకోదు. డైరెక్టర్ ఇచ్చిన అప్పు మాత్రం డిపాజిట్ కాదు, మిమ్మల్ని డైరెక్టర్‌గా పెడతామన్న మర్యాద వెనక వాళ్ల ఆడిటర్ సలహా ఉందేమోనని నా అనుమానం. కానీ దానికీ ఒక షరతు ఉంది. ఈ డబ్బు నేను ఎక్కడా అప్పు తెచ్చింది కాదు అని మీరు రాసి సంతకం పెట్టాలి. బంగారం మీద 4 లక్షలు తెచ్చి ఆ కాగితం మీద సంతకం ఎలా పెడతారు? (తర్వాత షేర్లుగా మార్చుకునే అప్పు, కన్వర్టిబుల్ నోట్ అని ఒకటుంది, అది ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్టార్టప్‌కి, ఒకే విడతలో 25 లక్షలకి తగ్గకుండా ఇస్తేనే. మీది అందులో పట్టదు.)

కాబట్టి రెండు పడవల మీద కాలు పెట్టారు మీరు. రేపు గొడవొచ్చిందనుకోండి, వడ్డీ అడిగితే "మీరు పార్ట్‌నర్ కదా మావయ్యా, నష్టం కూడా పంచుకోవాలి" అంటారు, వాటా అడిగితే "వడ్డీ తీసుకున్నారుగా, అది అప్పే" అంటారు. కోర్టులో ఈ వాదన నేను రెండు వైపుల నుంచీ చేసినవాణ్ణే, రెండు వైపులా సులువుగానే ఉంటుంది.

వాటాయే కావాలనుకుంటే దారి ఉంది, కాస్త ఓపిక కావాలి అంతే. కంపెనీ మీ ఒక్కరి పేరున పీఏఎస్-4 అనే ఆఫర్ లెటర్ ఇవ్వాలి. డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచి, అంటే మీ అబ్బాయి ఖాతా నుంచో నగదుగానో కాదు, కంపెనీ దీనికోసం తెరిచిన వేరే ఖాతాలోకి వెళ్లాలి. 60 రోజుల్లో షేర్లు అలాట్ చేయాలి, చేయకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగిచ్చేయాలి, అదీ చేయకపోతే 60వ రోజు దాటినప్పటి నుంచి 12 శాతం వడ్డీతో ఇవ్వాలి. అలాట్ చేశాక 15 రోజుల్లో, షేర్లిచ్చామని రిజిస్ట్రార్‌కి తెలిపే పీఏఎస్-3 ఫారం దాఖలు చేయాలి. ముఖ్యమైన మాట, అది దాఖలయ్యేదాకా మీ డబ్బు ముట్టుకోవడానికి వీల్లేదు. సోమవారం డబ్బు తీసుకుని మంగళవారం సీసాల ఆర్డర్ ఇస్తామన్నవాళ్లు ఈ పద్ధతంతా చెప్పే కంపెనీల చట్టం సెక్షన్ 42 చదివుండరు, లేదా చదివే మీకు చెప్పుండరు.

షేర్లు వచ్చాక 10 శాతం అంటే ఏమిటో కూడా తెలుసుకోండి, చాలామంది దీన్ని మరీ ఎక్కువ అనుకుంటారు. ముఖ్యమైన తీర్మానాలకు 75 శాతం ఓట్లు చాలు, మీది 10, కాబట్టి రేపు ఇంకొకరికి కొత్త షేర్లిచ్చి మీ వాటాని 6కి దించినా మీరు ఆపలేరు. మీరు ఒప్పుకోకుండా కొత్త షేర్లు ఇవ్వకూడదు, జీతాలు పెంచుకోకూడదు, బ్రాండ్ అమ్మకూడదు అని రాయించుకోవాలి. రాయించుకుంటే సరిపోదు, ఆ షరతులు కంపెనీ ఆర్టికల్స్‌లోకి, అంటే దాని నియమావళిలోకి ఎక్కాలి. షేర్ల బదిలీ మీద పెట్టుకున్న ఆంక్ష ఆర్టికల్స్‌లో లేకపోతే కంపెనీని కట్టడి చేయదని రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. అలాగే వాటాదారుకి ఏటా బ్యాలెన్స్ షీట్ చూసే హక్కుంది గానీ లెక్కల పుస్తకాలు తిరగేసే హక్కు దానంతటది రాదు, మూడు నెలలకోసారి అమ్మకాల లెక్క ఇవ్వాలని అదీ రాయించుకోండి. బయటికొచ్చే దారి ఇంకా ముఖ్యం. ప్రైవేట్ కంపెనీ షేర్లకి బజారు లేదు, కంపెనీయే తిరిగి కొనాలన్నా చట్టంలో పరిమితులున్నాయి, కాబట్టి నాలుగో ఏడో అయిదో ఏడో ఫలానా లెక్కన మీ షేర్లు మేమే కొంటాం అని ఆ ఇద్దరూ సొంతంగా మాటివ్వాలి.

అన్యాయం జరిగితే కంపెనీల కేసులు చూసే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచ్‌కి వెళ్లొచ్చు. మామూలుగా 10 శాతం షేర్లుండాలంటారు, కానీ మొత్తం సభ్యుల్లో పదోవంతు మంది పిటిషన్ వేసినా చాలు, మీ కంపెనీలో మీతో కలిపి ముగ్గురే కాబట్టి మీరొక్కరే సరిపోతారు. అయితే రిజిస్టర్‌లో సభ్యుడిగా పేరుండాలి. ‘భావించబడిన’ సభ్యుడికి ఆ తలుపు తెరుచుకోదు.

సీసా ఫొటో పెద్దది చేసి చూశాను. మూడు విషయాలు కనిపించాయి.

కింద చిన్న అక్షరాల్లో తయారీదారు అని వేరే సంస్థ పేరుంది, మీవాళ్ల కంపెనీ మార్కెటింగ్ మాత్రమే చేస్తోంది. తప్పేం కాదు, అలా చేయించుకునేవాళ్లు బోలెడుమంది. కానీ ఆ తయారీదారుతో అగ్రిమెంట్ ఉందా, ఫార్ములా ఎవరిది, రేపు ఆయనే అదే డ్రింకు ఇంకో పేరుతో అమ్మితే ఏం చేస్తారు? లేబుల్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరుంది, దాన్ని ఆ సంస్థ ఫాస్‌కాస్ పోర్టల్‌లో కొట్టి ఎవరి పేరున, ఏ కేటగిరీలో, ఎప్పటివరకూ ఉందో చూడండి. మామూలు పానీయంగా అమ్మితే ఒక లైసెన్సు, ఆరోగ్యానికి మేలు చేసే ప్రత్యేక ఆహారం, అంటే న్యూట్రాస్యూటికల్ అని అమ్మితే తయారీకి సెంట్రల్ లైసెన్సు కావాలి.

రెండోది, ముందు వైపు పెద్దగా "హెల్త్ డ్రింక్", దాని కింద "షుగర్‌ని అదుపు చేస్తుంది" అని వేశారు. మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటకి నిర్వచనమే లేదు, 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ సైట్లన్నీ ఆ కేటగిరీ నుంచి ఇలాంటి పానీయాలను తీసేయాలని కేంద్రం చెప్పింది. 2025 అక్టోబర్‌లో, హైదరాబాద్ పిల్లల డాక్టర్ ఒకావిడ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్డర్ ఇచ్చింది. ఒక్క ఆర్డర్‌తో లేబుళ్లన్నీ మార్చుకోవాల్సి వస్తే పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి, మీ 15 లక్షలతో కొనే సీసాలు మాత్రం గోడౌన్‌లోనే ఉండిపోతాయి. జబ్బు తగ్గిస్తుందని చెప్పుకోవడం ఆహార పదార్థాలకి అసలే కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి జరిమానా 10 లక్షల దాకా ఉంది, లక్ష రూపాయల క్యాపిటల్ ఉన్న కంపెనీకి. మీరు వ్యవహారాలు చూసే డైరెక్టర్ అయితే ఆహార భద్రత కేసుల్లో కంపెనీతో పాటు మీ పేరూ రావచ్చు, కంపెనీ చెక్కు బౌన్సయినా అంతే. వాటాదారుగా ఉంటే పెట్టిన డబ్బు వరకే పోతుంది. అందుకే డైరెక్టర్ పదవి వద్దని నా సలహా. బ్యాంకు లోనుకి షూరిటీ సంతకం అయితే అడిగినా చేయొద్దు, వాళ్లెంత బాకీ ఉంటే మీరూ అంతా బాకీయే.

మూడోది నాకు అన్నింటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. బ్రాండ్ పేరు పక్కన టీఎం (ట్రేడ్ మార్క్) అని ఉంది. ట్రేడ్ మార్క్ సైట్‌లో పానీయాలు ఉండే క్లాస్ 32లో వెతికితే ఆ పేరుకి దరఖాస్తు ఉంది గానీ కంపెనీ పేరున లేదు, ఫ్రెండు పేరున ఉంది. ఇలాంటి కంపెనీలో యంత్రాలుండవు, స్థలాలుండవు, ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే. అది కంపెనీది కాకపోతే మీరు దేనిలో 10 శాతం కొంటున్నారు? హక్కు బదిలీ పత్రం (అసైన్‌మెంట్ డీడ్) రాసి బ్రాండ్‌ని కంపెనీ పేరు మీదికి మార్చాకే మిగతా మాటలు.

పన్ను గురించి కూడా ఒక మాట, జీఎస్టీ ఏ రేటు కడుతున్నారో అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పండ్ల గుజ్జు, రసంతో చేసే పానీయాలకి 5 శాతం, గ్యాస్ కలిపిన వాటికి 40. వీళ్లది ఏ జీఎస్టీ కోడ్ కిందికి వస్తుందో వాళ్ల ఆడిటర్ రాసివ్వాలి, అక్కడ తేడా వస్తే బాకీ మొత్తం కంపెనీ నెత్తిన పడుతుంది.

మీరిచ్చిన 2 లక్షల సంగతి. అది కంపెనీకి వెళ్లలేదు, మీ బావమరిది కొడుకు సొంత ఖాతాలోకి వెళ్లింది, కాబట్టి షేర్ల డబ్బు అని రేపు ఎవరూ ఒప్పుకోరు. గొడవ పడక్కర్లేదు. వాట్సాప్‌లో మామూలుగా ఇలా పెట్టండి: "బాబూ, ఫలానా రెండు తేదీల్లో కంపెనీ షేర్ల కోసం నీ ఖాతాకి పంపిన 2 లక్షలు వెనక్కి వెయ్యి, లాయర్ గారు కంపెనీ ఖాతాకే పంపమన్నారు, కాగితాలు అయ్యాక మొత్తం ఒకేసారి వేస్తాను." సరే అని ఒక్క ముక్క జవాబొచ్చినా మీకు రుజువే. ఆ చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. అతను వెనక్కి వేస్తే, నేను చెప్పిన కాగితాలు తెస్తే, అప్పుడు బంగారం జోలికి వెళ్లకుండా మీ చేతిలో ఉన్న దాంట్లో ఎంత పోయినా ఫర్వాలేదనుకుంటారో అంతే పెట్టండి. నాలుగైదు లక్షలకి మూడు శాతం ఇచ్చినా అది రిజిస్టర్‌లో ఉండే మూడు శాతం. మెసేజ్ మాత్రం సోమవారం దాకా ఆగకుండా ఈ రాత్రే పెట్టేయండి.