‘అనర్హులు’ అని వచ్చినంత మాత్రాన చదువు మానకు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న మామిడి తోపుల్లో కూలికి పోతారు. అమ్మకు రెండు ఆవులున్నాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. పోయినేడు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఈ ఏడు నా పేరు పక్కన ‘అనర్హులు’ అని పడింది. ఇంట్లో కారు ఉందట! మాకు సైకిలు కూడా లేదు. పెళ్ళయి బెంగళూరులో ఉంటున్న అన్న మాత్రం ఫైనాన్స్‌లో కారు కొన్నాడు. ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇవ్వం అంటున్నారు. సాయంత్రాలు బట్టల షాపులో పని చేస్తున్నాను, ఒక్కోసారి పొద్దున కూడా రమ్మంటారు. ఈ టెన్షన్ పడలేక చదువు మానేసి షాపులోనే ఉండిపోదామనిపిస్తోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మానకు. కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ చూస్తూ రిటైరైనదాన్ని. ఇలాంటివి ఎన్నో చూశాను కాబట్టి చెబుతున్నాను, నీది సర్దుబాటయ్యే సమస్యే.

కారు మీ అన్నదే. కానీ గ్రామ సచివాలయం రికార్డులో మీ అన్న ఇంకా మీ ఇంటి మనిషే. పెళ్ళయి వేరు కాపురం పెట్టినా, రేషన్ కార్డులోనూ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లోనూ (ఒక ఇంట్లో ఎవరెవరున్నారో సచివాలయం రాసుకునే లెక్క) పేరు విడదీయకపోతే కంప్యూటర్ లెక్కలో మీరంతా ఒకే కుటుంబం. 2019లో ఈ పథకానికి రాసిన నిబంధనల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు మించకూడదని, నాలుగు చక్రాల బండి ఉండకూడదని పెట్టారు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఇచ్చారు. అందుకని ముందు అన్నను అడుగు, కారుకు ఉన్నది తెల్ల నంబరు ప్లేటా, పసుపుదా అని. బాడుగకు తిప్పే బండి అయితే ఆ ఆర్‌సీ జిరాక్స్ ఒక్కటే నీకు సగం పని చేసిపెడుతుంది.

సొంత కారే అయితే అన్న పేరు వేరు చేయించాలి. అది తిరుపతిలో కూర్చుంటే కాదు, మీ ఇల్లు నమోదైన మీ ఊరి సచివాలయానికే వెళ్ళాలి. ఒక పనిదినం చూసుకొని బయలుదేరు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే చాలు, ఛార్జీ గురించి ఆలోచించకు. అన్న పెళ్ళి సర్టిఫికెట్, బెంగళూరు అడ్రసుతో ఉన్న ఆధార్, మీ రేషన్ కార్డు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ తీసుకెళ్ళి వెల్ఫేర్ అసిస్టెంట్‌ను కలువు. అర్జీ పెట్టాక రసీదు నంబరు లేకుండా గడప దాటకు. ‘చూస్తాంలేమ్మా’ అన్న నోటిమాటతో వెనక్కి రాకు.

రసీదు గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇవన్నీ ఆన్‌లైన్ కాకముందు ఒక పిల్లవాడి అప్లికేషన్ వెనక్కి తిరిగొచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కులం సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఎర్ర ఇంకుతో దాని కింద గీత గీసి పంపారు. ఆ కాగితం నా టేబుల్ మీద ఫైళ్ళ అడుగున మూడు వారాలు ఉండిపోయింది. నేను చూసి కబురు పెట్టేసరికి పెట్టె సర్దుకొని ఊరికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. తప్పు నాది. ఆ గీత ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అతని చేతిలో ఒక రసీదు ఉండి, వారానికోసారి వచ్చి అడిగి ఉంటే ఆ ఫైలు పైకి వచ్చేది.

షాపు విషయం. సాయంత్రం పని చేసుకో, తప్పులేదు. పొద్దున రమ్మంటే మాత్రం రానని చెప్పేయ్. హాజరు 75 శాతం ఉండాలి. కారు సంగతి తేలేలోపు హాజరు తగ్గిందంటే అది రెండో అడ్డు అవుతుంది, దాన్ని ఏ అర్జీతోనూ దిద్దలేం. పూటకు డబ్బు చాలకపోతే అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది. అక్కడ లైన్లో నిలబడటానికి మొహమాటపడకు. చదువుకునే పిల్లవి, కడుపు మాడ్చుకోకు.

హాల్‌టికెట్ కోసం ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ లెటర్ రాసి, సచివాలయం రసీదు జిరాక్స్ జతచేసి గడువు అడుగు. చేతిలో కాగితం ఉన్న పిల్లను ఊరికే పంపేయడం ఆఫీసులో ఎవరికీ అంత తేలిక కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఫీజుకు తాకట్టుగా ఇవ్వకు. కాలేజీలు వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది.

ఇక చెల్లెలు. ఇంటర్‌లో తన స్ట్రీమ్‌లో పాసైనవాళ్ళలో బోర్డు మొత్తం మీద పై 20 శాతం మందిలో ఉండి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపైతే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉంటుంది. డిగ్రీ మూడేళ్ళూ ఏడాదికి 12,000 ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో డిగ్రీ మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి, నీకు ఆ అవకాశం దాటిపోయింది. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్ళకు ఇది రాదు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. డిగ్రీ అడ్మిషన్‌కు ఆప్షన్లు పెట్టేటప్పుడు తిరుపతిలో టీటీడీ వారి శ్రీ పద్మావతి మహిళా కళాశాలను మొదట పెట్టమను.

ఈ రాత్రికే అమ్మకు ఫోన్ చెయ్యి. పాలు పోసి వచ్చాక, నాన్న కూడా ఇంట్లో ఉన్న వేళ చూసి చెయ్యి. ‘అన్న వల్ల ఇలా అయింది’ అని మొదలుపెట్టకు. అన్న ఆధార్ జిరాక్స్ కావాలని మొదలుపెట్టు.